పదడుగుల గదిలో ఇరవై అడుగులు

అబ్బాసియాలో మా గది పదడుగులు.
మీదా కిందా మంచాలు మూడు జతలు,
బియ్యం మూట, బషీర్ ఇస్త్రీపెట్టె,
మిగిలిన సందులో నేనూ గిటారూ.

గిటారు నుంచి వచ్చే వైరు ఒక్కటే.
దాన్ని రెండు చేస్తుంది నీలం పెడల్.
దేశం వెళ్ళిపోతూ రోడెల్
ఎనిమిది దీనార్లకు ఇచ్చి పోయాడు.
ఎడమ చెవికి వెంటనే పంపుతుంది,
కుడి చెవికి పద్దెనిమిది మిల్లీసెకన్లు ఆగి.
అంత చిన్న ఆలస్యాన్ని
చెవి ఆలస్యం అనుకోదు, జాగా అనుకుంటుంది.
లెక్కగట్టి చూశాను,
ఆ రవ్వంతలో శబ్దం నడిచేది ఇరవై అడుగులు.
హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు,
గోడలు మర్యాదగా వెనక్కి జరుగుతాయి.
బషీర్ గురక
ఏదో మైదానానికి అవతల.

పగలు నా పని ఏసీ డక్టుల్లో.
ఒక్క గాలిని కోసి
హాలుకింత, పడగ్గదికింత పంచడం.
గాలి పంచితే తగ్గుతుంది.
పాట అలా కాదనుకున్నాను.

శుక్రవారం ఆరాధన, ఒక విల్లా కింది గదిలో.
మా వంతు రెండు నుంచి నాలుగు,
తమిళులు లేచాక, కొంకణీలు వచ్చేలోపు.
ఎడమ స్పీకరు ముందు ఆడవాళ్ళు,
కుడి స్పీకరు ముందు మగవాళ్ళు,
నడుమ మిక్సరు దగ్గర ప్రసన్నబాబు.
పెడల్ నొక్కాను.
వాళ్ళకి సగం గిటారు, వీళ్ళకి సగం.
ప్రసన్నబాబు ఒక్కడే కళ్ళు మూసుకుని
"అబ్బ, సముద్రంరా" అన్నాడు.
సముద్రమంతా ఒక్క కుర్చీకే.

తర్వాత సలోమి అక్క పాట రికార్డు చేశాం.
ల్యాప్‌టాప్‌లో ఇంకో మరగుంది:
ఎడమ అల లేస్తే కుడి అల కుంగాలి.
చివరిదాకా తిప్పేశాను.
గిటారు నా చెవులు దాటి
భుజాల వెనక్కి పోయింది.

జాబ్రియాలో కఫీలు ఇంటి వంటగది.
అక్క ఫోను స్టీలు గ్లాసులో పెట్టి వింటుంది,
గట్టిగా వినబడుతుందని.
రాత్రి పదకొండింటికి మెసేజ్:
"పాట బాగొచ్చింది తమ్ముడూ.
నువ్వెప్పుడు వాయిస్తావు?"

ఆ ఫోనుకున్నది ఒకటే చిల్లు.
లేచిందీ కుంగిందీ
అందులో ఒకదాన్నొకటి పూడ్చుకున్నాయి.
రెండూ కలిపి నేనూ విన్నాను:
ఆమె గొంతుంది, కంజిర ఉంది.
నేనున్న చోట
తుడిచిన గచ్చులాంటి నిశ్శబ్దం.

పెడల్ పీకేశాను.
పాటంతా ఒకసారి వాయించి ఎడమన పెట్టాను.
మళ్ళీ మొదట్నించి,
అదే పాట, అవే వేళ్ళు, కుడికోసం.
బషీర్ పై మంచం నుంచి తల వేలాడేసి
"వాయించిందే వాయిస్తావేమప్పా,
కాపీ కొట్టుకోరాదా?" అన్నాడు.
కాపీకీ తలకిందుల కాపీకీ
పడదు బషీర్‌భాయ్, చంపుకుంటాయి.
రెండుసార్లు బతికినవైతే
ఎంత ఇరుకులోనైనా సర్దుకుంటాయి.
ఈ రెండో ముక్క చెప్పలేదు, అప్పటికే గురక.

కుడిదాంట్లో పల్లవి దగ్గర చెయ్యి తొందరపడింది.
రెండో చరణంలో చూపుడువేలు
తీగమీద జారి కీచుమంది.
దిద్దుదామనుకున్నాను.
నాలుగున్నరకి కంపెనీ బస్సు.

మరుసటి శుక్రవారం
రెండు స్పీకర్లకీ ఒకటే వైరు ఇచ్చాను.
చప్పగా ఉందని ప్రసన్నబాబు మూతి ముడిచాడు.
మూడున్నరకే కారు హారన్ కొడుతుంది గనక
సలోమి అక్క గుమ్మం పక్కనే నిలబడి,
చెప్పులు విప్పకుండా,
పెదాలు కదుపుతోంది.

ఆ రాత్రి గ్లాసులోంచి మెసేజ్:
"రెండో చరణంలో ఏదో కీచుమంది.
అది నువ్వే కదూ?"